పొయ్యి గోడ పక్కన పిల్లి

పోయిన వారం భాగంలో ఇద్దరు తోటికోడళ్ళ చేతులకి తాడు కట్టి, హాఫ్ మారథాన్ మొదలయ్యే గీత దగ్గర నిలబెట్టి వదిలేశాం. మధ్యలో వచ్చి చేరినవారి కోసం నాలుగు ముక్కలు. పెద్దకోడలికి చూపు అంచుల నుంచి మొదలై మెల్లగా మధ్యదాకా మూసుకుపోయింది. ఆవిడ పక్కన పరిగెత్తుతూ దారి చెప్పే గైడు చిన్నకోడలు. అత్తగారు పోయి చాలాకాలమైనా వీధిలో అందరూ వాళ్ళని ఇంకా అలాగే పిలుస్తారు. ఆ ఇంటికి అన్నం పెట్టిన బేకరీ పెద్దకోడలి చేతుల మీద లేచింది. చలికాలం మొదట్లో అన్నదమ్ములిద్దరూ దాన్ని మూసేశారు. మూసేయమని పోరింది చిన్నకోడలు. పెద్దకోడలికి మాత్రం ఎవరూ చెప్పలేదు. చుట్టూ కాలే ఇనుము, కింద జారే బండలు, పడితే ఎవరు చూస్తారు అంటూ అంతకుముందే ఆవిడని షాపుకి రానివ్వడం మానేశారు కాబట్టి, చెప్పకపోవడం సులువైంది.

అయితే ఆవిడ ఊరుకోలేదు. "పరుగు పూర్తిచేసి, మెడలో పతకంతో నేరుగా షాపుకే వెళ్తాను, ఆ రోజు పిండి నేనే కలుపుతాను" అని అందరి ముందూ అంది. అప్పటినుంచీ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. చివరి గీత దగ్గర ఆవిడ భర్త నిలబడాలి, పతకం పడ్డాక మెల్లగా చెవిన వేయాలి అని తీర్మానించారు. చిన్నకోడలి భర్త వేరే ఊళ్ళో బిస్కెట్ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్ళాడు. ఈ రోజు పొద్దున్నే భార్యకి ఫోన్ చేసి, క్వార్టర్స్ బాగుందని, పడగ్గదికి పెద్ద కిటికీ ఉందని, దాని బయట ఎవరో గులాబీలు వేశారని చెప్పాడు. అంతా పద్ధతిగానే ఉంది, మైకులో ఆ ప్రకటన వచ్చేదాకా. పైపుల కోసం రోడ్డు తవ్వారట, దారి మార్చారు. కొత్త దారి బేకరీ ముందు నుంచి పోతుంది. కాస్త దూరం పోయి వెనక్కి తిరిగి మళ్ళీ బేకరీ ముందు నుంచే వస్తుంది.

"అయితే మన షాపు మీదుగానే అన్నమాట," అంది పెద్దకోడలు సంతోషంగా. అంతలో ఈల ఊదారు.

మొదట్లో అందరూ మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు, ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకుంటారు. సగం దారి వచ్చేసరికి ఎవరి నోళ్ళు వాళ్ళే మూసుకుంటారు. దూది కన్నా మెత్తన అని షాపువాడు అమ్మిన బూటులో ఎక్కడో ఒక కుట్టు తగలడం మొదలవుతుంది. తొడలు ఒరుసుకునే చోట రాసుకున్న వాజలిన్ చెమటకి కొట్టుకుపోతుంది. నీళ్ళ బల్ల దగ్గర ఆత్రంగా తాగిన నీళ్ళు పొట్టలో అటూ ఇటూ ఊగుతాయి. దూరం చెప్పే బోర్డులు మొదట వెంటవెంటనే వచ్చినట్టుంటాయి, తర్వాత ఎవరో పీకేశారేమో అనిపిస్తుంది. ఇంత కష్టాన్ని ఫీజు కట్టి మరీ కొనుక్కున్నామని మనిషికి గుర్తొచ్చేది సరిగ్గా ఇక్కడే.

తోటికోడళ్ళు ఆ చోటికి చేరారు. పెద్దకోడలి పరుగు తొణకలేదు. ఏళ్ళ తరబడి పిండి పిసికిన భుజాలు, తెల్లవారకముందే పొయ్యి ముందు నిలబడిన కాళ్ళు. ఆయాసం చిన్నకోడలికే. గైడుకి రెండు పనులు మరి. కాళ్ళతో పరిగెత్తాలి, నోటితో రోడ్డు చదవాలి. పక్కనే ఉండాలి, ముందుకి లాగకూడదు, తాడు వదలకూడదు. వదిలితే పరుగు లెక్కలోకి రాదు. దీనికితోడు పెద్దకోడలు మొదటి రోజే ఒక షరతు పెట్టింది. గుంతలు ఒక్కటే చెబితే కుదరదు, ఊరు కూడా చెప్పాలి.

"గతుకు. కొంచెం కుడికి. తడిగా ఉంది, జాగ్రత్త. ముందు ఒక పెద్దాయన నడుస్తున్నాడు, ఎడమవైపు నుంచి పోదాం. బాల్కనీలో ఒకావిడ పళ్ళెం మీద గరిటెతో కొడుతోంది, మనకోసమే."

"వినిపిస్తోంది. తాళం తప్పుతోంది, పాపం. తర్వాత?"

తర్వాత మలుపు. మలుపు తిరిగితే బేకరీ. చిన్నకోడలు ఏం చెప్పాలో పరుగు మొదలైనప్పటి నుంచీ కూర్చుకుంటూనే ఉంది. అది తిన్నగా చెప్పేసి దాటిపోతే చాలు, మిగతాది బావగారు చూసుకుంటారు.

"ఎడమకి తిరుగుతున్నాం. మన వీధి."

"చెప్పు."

చిన్నకోడలు చూసింది. షట్టర్ దించి ఉంది. తాళానికి తుప్పు పట్టింది. బోర్డు పీకేసిన చోట గోడ మిగతా గోడ కన్నా తెల్లగా, కొత్తగా ఉంది. షట్టర్ మీద ఎవరో లెక్కల ట్యూషన్ కాగితం అంటించి పోయారు.

"బోర్డు కనిపిస్తోంది," అంది. "షట్టర్ ఎత్తే ఉంది. గాజు అల్మరాలో బన్నులు సర్దేశారు. ముందు ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. ఒకావిడ చేతిలో సంచి ఉంది. ఎర్ర సంచి."

అబద్ధానికి రంగు వేస్తే గానీ నిలవదన్న తెలివి ఆవిడకి ఉంది. రంగు చాలలేదనిపించి, కంటికి కనబడిన ఒక నిజాన్ని కూడా అందులో కలిపింది. "సందులో గోడ పక్కన పిల్లి పడుకుంది. బూడిదరంగుది. కాళ్ళు బారజాపుకుని మంచి నిద్రలో ఉంది."

"ఏ గోడ?"

"అదే, పొయ్యి గోడ."

"సరే," అంది పెద్దకోడలు. ఆవిడ పెదవి కొంచెం నవ్వినట్టయింది. అడుగులో వేగం పెరిగింది. తాడు బిగుసుకోకుండా ఉండడానికి చిన్నకోడలు కూడా పెంచాల్సి వచ్చింది. గండం గడిచిందనుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అన్న సామెత పుట్టింది ఇలాంటివాళ్ళని చూసే.

వీధి దాటారు. చెట్లున్న తిన్నని రోడ్డు వచ్చింది. ముందు పోయినవాళ్ళు అప్పుడే వెనక్కి తిరిగి ఎదురొస్తున్నారు. వాళ్ళ బూట్ల చప్పుడు పక్కనుంచి దూసుకుపోతుంటే పెద్దకోడలు మామూలు గొంతుతో అడిగింది.

"పిల్లి ఒక్కటే నిజం కదూ?"

చిన్నకోడలికి అడుగు తడబడింది. తాడు ఒక్కసారి గట్టిగా లాగినట్టయి వదులైంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

"ఏంటక్కా మీరనేది?"

"ఎర్ర సంచి కూడా నిజమేనేమో అనుకున్నా కాసేపు. బాగా చెప్పావు."

"షాపు తెరిచే ఉందక్కా. నా కళ్ళతో చూశాను."

"నీ కళ్ళతో చూశావు. మరి వాసన ఏదీ?"

ఆ సంగతి చిన్నకోడలికి తట్టనే లేదు. పొద్దస్తమానం బేకరీ కౌంటర్‌లో కూర్చున్న మనిషికి రొట్టె వాసన తెలియదు, ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ వాసన తలలోంచి పోవడం లేదని రోజూ తల రుద్దుకునేది. తర్వాత అది ఉందో లేదో కూడా తెలియకుండా పోయింది. షాపు మూసినరోజు ఏం పోయిందో ఆవిడ చెప్పగలిగేది, వాసన పోయిందని మాత్రం చెప్పేది కాదు.

"గాలి అటు వీస్తోందక్కా, అందుకని..."

"ఆ మలుపు తిరిగినప్పుడు గాలి నా మొహానికే కొట్టింది. ఆదివారం పొద్దున్న ఆ మలుపులో రొట్టె వాసన రాలేదంటే ఆ షాపు తెరవలేదనే. ఎదురొచ్చేవాళ్ళు ఎంతమంది? గుద్దుకుంటామేమో, కాస్త చూసి చెప్పు."

"లేదు, ఖాళీగానే ఉంది." చిన్నకోడలు రోడ్డు చూసి చెప్పింది. "నిజం మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచి. సాయంత్రం ఇంటికొచ్చిన రొట్టె మనది కాదు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంటే తెలిసిపోయింది. ఎవడో తొందరగా పొంగాలని ఈస్టు దండిగా వేసి చేసింది. మీరందరూ నా చుట్టూ కూర్చుని, ఈ రోజు బాగా కాలింది, ఈ రోజు బాగా పొంగింది అంటూ తిన్నారు. మీ బావగారైతే ఇంకో ముక్క అడిగి మరీ తిన్నారు."

చిన్నకోడలికి ఆ సాయంత్రం కళ్ళముందు నిలిచింది. బాగా పొంగింది అన్నది తనే. సిగ్గుతో మొహం కాలిపోయింది. చూసేవాళ్ళు పరుగు వల్ల అనుకుంటారు.

"తెలిసీ అడగలేదేం మీరు?"

"నువ్వు చెప్తావేమోనని. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు, నీకు నోరు విప్పే సందు ఉండదు. పరుగు నేర్చుకుంటాను, నాకు నువ్వే గైడుగా రావాలి అని ఎందుకన్నాననుకున్నావ్? పతకం మెళ్ళో వేసుకుని ఊరేగుదామనా? రోజూ పొద్దున్నే నీ చేతికి చెయ్యి కట్టుకుని వచ్చాను. మూడో మనిషి లేడు. ఈ రోజు చెప్తుంది, రేపు చెప్తుంది అనుకున్నాను. ఊళ్ళో ఉన్న ప్రతి గుంతా చెప్పావు. మూత లేని కాలవ చెప్పావు, విరిగిన అరుగు చెప్పావు. ఇదొక్కటే చెప్పలేదు."

వెనక్కి తిరగాల్సిన చోటు వచ్చింది. రోడ్డు మధ్యలో ప్లాస్టిక్ డబ్బా పెట్టి, పసుపు చొక్కా వాలంటీరు ఒకతను చేతులు ఊపుతున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే గుండ్రంగా తిరగాలి, బయటివైపు ఉన్నవాళ్ళు పెద్ద అడుగులు వేయాలి. ఎన్నోసార్లు చేసిన పనే. ఇద్దరూ చక్కగా తిరిగారు. "సూపర్ అక్కా" అన్నాడు అతను, ఇద్దరిలో ఏ అక్కని అన్నాడో తెలియదు. ఎదురుగా రోడ్డు చివర చివరి బండి కనిపించింది. పరిగెత్తలేనివాళ్ళని ఎక్కించుకుని వచ్చే ఆ వ్యాను ఎవరి పక్కన ఆగితే వాళ్ళ పరుగు అక్కడితో సరి. ఇంకా దూరంగానే ఉంది, అదీ ఇక్కడ తిరిగి వెనకే రావాలి.

తర్వాత చిన్నకోడలు అనుకోకుండా పేలింది.

"మూసేయమన్నది నేనే. ఎవరి మీదకో తోసేయను. నాకూ ఒక బతుకుంది అక్కా. ఆయన తెల్లారకముందే లేచి పోతారు, రాత్రి అన్నం ముందు కూర్చుని కునుకుతారు. బట్టలు దులిపితే పిండి, దుప్పటి దులిపితే పిండి. ఊరంతా ఆదివారం నిద్రపోతుంటే మనం రొట్టెలు అమ్మాలి. నాకు ఒక్క ఆదివారం కావాలి. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఇల్లు కావాలి. కిటికీ ఉన్న గది కావాలి. అంత పెద్ద తప్పా అది?"

"తప్పని ఎవరన్నారు? అది నాతో అనాల్సింది."

"అంటే ఒప్పుకునేవారా?"

"ఎందుకు ఒప్పుకుంటాను? పోట్లాడేదాన్ని. నాలుగు వీధులకి వినబడేలా పోట్లాడేదాన్ని. తోటికోడళ్ళం, ఆపాటి హక్కు లేదా మనకి? నువ్వు నాలుగనేదానివి, నేను పదనేదాన్ని. చివరికి ఎవరో ఒకరు తగ్గేవాళ్ళం. నన్ను పోట్లాటకి కూడా పనికిరాని మనిషిని చేశారు మీరు. చూపు పోయినప్పుడు కూడా నాకు అంత బాధ కలగలేదు."

ఈ మాట ఆవిడ ఏడుస్తూ అనలేదు. ఎత్తు వస్తే ఊపిరి సర్దుకున్నట్టు సర్దుకుని అంది. చిన్నకోడలికే కళ్ళు నిండాయి. తుడుచుకుందామంటే కుడిచేతికి తాడు, ఎడమచేతిలో నీళ్ళ సీసా. గైడు కళ్ళు మసకబారితే ఇద్దరూ పడతారు. రెప్పలు గట్టిగా ఆడించి రోడ్డు చూసుకుంది.

"గతుకు," అంది. "కుడికి."

"ఈ గతుకు నాకు తెలుసు. మన వీధి వస్తోంది. షాపు ముందు ఆపు."

"వద్దక్కా. ఆగితే కాళ్ళు పట్టేస్తాయి. వెనక బండి వస్తోంది."

"దారిలోంచి పక్కకి వెళ్ళినా, దిగిన చోటే మళ్ళీ ఎక్కితే తప్పు లేదు. నిబంధనలు నువ్వే చదివి వినిపించావు. తాడు మాత్రం వదలకు."

"మూసేసిన షాపు దగ్గర ఏం చూస్తారు మీరు?" అనేసి నాలిక కరుచుకుంది చిన్నకోడలు.

"నేను చూడను. నువ్వు చూద్దువుగాని," అంది పెద్దకోడలు.

షాపు ముందు ఆగారు. ఆగగానే తొడలు రెండూ వేరే ఎవరివో అయినట్టు వణికాయి. పెద్దకోడలు షట్టర్ వైపు మొహమైనా తిప్పలేదు. గోడని వేళ్ళతో తడుముకుంటూ పక్క సందులోకి నడిచింది. తాడు ఉంది కాబట్టి చిన్నకోడలు వెంట నడిచింది. ఇన్ని నెలల్లో పెద్దకోడలు ముందు నడిచి దారి చూపడం ఇదే మొదటిసారి. పిల్లి ఒక కన్ను తెరిచి, కదలడం దండగనుకుని మళ్ళీ మూసుకుంది.

"ఈ సందులో ఎప్పుడూ ఎండ పడదు," అంది పెద్దకోడలు. "చలికాలం. ఊరిలో ఇన్ని ఎండపట్టు అరుగులుండగా పిల్లి ఇక్కడ ఎందుకు పడుకుంటుంది?"

చిన్నకోడలు పిల్లిని చూసింది, గోడని చూసింది. తాడు లేని చేతిలోని సీసా చంకలో ఇరికించుకుని అరచేయి ఇటుకల మీద పెట్టింది. వెంటనే తీసేసి, మళ్ళీ పెట్టింది.

గోడ వెచ్చగా ఉంది.

"పైకి చూడు," అంది పెద్దకోడలు.

పొగగొట్టం నుంచి పొగ వస్తోంది. పెద్ద పొగ కాదు, ఉందా లేదా అన్నట్టు సన్నగా. ఇందాక వెళ్ళేటప్పుడు కూడా అది అక్కడే ఉండి ఉంటుంది. బోర్డు లేని చోటుని చూసే కంగారులో చిన్నకోడలు తలెత్తలేదు.

"ఎవరక్కా లోపల? అద్దెకి ఎవరూ రాలేదే. బావగారు తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదే."

"ఇటుక పొయ్యి చలికాలమంతా ఆరిపోయి ఉంటే తేమ తాగుతుంది. ఒక్కసారిగా మంట పెడితే ఇటుకలు పగులుతాయి. తెలియనివాళ్ళు అదే చేస్తారు. తెలిసినవాళ్ళు గుప్పెడు మంట పెట్టి, రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పోతారు. అన్నాళ్ళూ రొట్టె ఉండదు, వాసన ఉండదు, గోడ మాత్రం వెచ్చబడుతుంది." పెద్దకోడలు తన అరచేయి కూడా పక్కనే పెట్టి చూసింది. "ఈ పని నేను ఒక్కడికే నేర్పాను. ఇంకో రోజు చాలు దీనికి. బాగానే కాస్తున్నాడు."

చిన్నకోడలికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ బేకరీలో పెద్దకోడలు చెయ్యి పట్టుకుని పొయ్యి పని నేర్పింది ఎవరికో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బావగారికి నడుం నొప్పి, ఆయన పొయ్యి దగ్గరికి ఎప్పుడూ వెళ్ళలేదు.

"ఆయన ఊళ్ళో లేరక్కా," అంది. "ఫ్యాక్టరీలో చేరిపోయారు. పొద్దున్న ఫోన్ చేశారు. గది బాగుందన్నారు. కిటికీ ఉంది, బయట గులాబీలు..."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. గులాబీలు ఏ రంగువో కూడా చెప్పాడు. ఎర్రవి.

రోడ్డు మీద చివరి బండి మలుపు తిరిగిన చప్పుడైంది. మైకులో ఎవరో, ఆగినవాళ్ళు ఎక్కండి, లేనివాళ్ళు కదలండి అంటున్నారు. పెద్దకోడలు తాడు లేని చేత్తో గోడ మీద కొట్టింది. రెండుసార్లు దగ్గరదగ్గరగా, కాస్త ఆగి ఒకసారి. అలవాటైన చెయ్యి కొట్టినట్టు కొట్టింది.

లోపల ఇనప చువ్వ కింద పెట్టిన శబ్దం. అడుగులు సందు తలుపు దాకా వచ్చి ఆగాయి. తలుపు తెరుచుకోలేదు. దాని వెనక నుంచి మెల్లగా, జాగ్రత్తగా ఒక గొంతు అడిగింది.

"పరుగు అయిపోయిందా వదినా? ఒక్కదానివే వచ్చావా?"

పొద్దున్న ఫోన్లో కిటికీ గురించి చెప్పిన గొంతే అది, చిన్నకోడలి భర్తది. చిన్నకోడలు తాడుని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

పెద్దకోడలు తోటికోడలి వైపు మొహం తిప్పి, ఆవిడకి మాత్రమే వినబడేలా అడిగింది.

"ఏం చెప్పమంటావ్?"